ఫ్రాన్సు నుంచి వచ్చిన సిపాయి ఉత్తరాన్ని ఎలా చదవాలి

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు వెళ్లిన మన సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాల్లోంచి ఏదో ఒక వాక్యం తరచూ ఆన్‌లైన్‌లో తిరుగుతూ ఉంటుంది. చదివినవాళ్లు కళ్లు తుడుచుకుని పక్కవాళ్లకు పంపిస్తారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ వాక్యం సిపాయి మనసులోంచి నేరుగా కాగితం మీదికి దిగిందనుకుంటేనే చిక్కు. ఆ ఉత్తరం ఇల్లు చేరేలోగా కనీసం మూడు చేతులు మారింది. ఆ సంగతి సిపాయికి తెలుసు. తెలిసే రాయించాడు. ఏ మాట ఎవరి చెవికోసం అన్నాడో విడదీసుకోకపోతే ఉత్తరంలో సగం మనకు అందదు.

ముందు వెళ్లినవాళ్లెవరో చూద్దాం. 1914 సెప్టెంబరు 26న లాహోర్ డివిజన్ మార్సెయ్ రేవులో దిగింది. దాని వెనకే మీరట్ డివిజన్ వచ్చింది. పదాతిదళాలను 1915 చివర్లో మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు, తరలించారు. గుర్రపుదళాలు మాత్రం 1918 దాకా ఫ్రాన్సులోనే ఉన్నాయి. 1917లో నాగా కొండల నుంచి, లుషాయ్ కొండల నుంచి, బీహార్ నుంచి కూలీదళాలు వచ్చాయి. అందరినీ కలిపితే సుమారు 1,40,000 మంది. అందులో 50,000 మంది దాకా తుపాకీ పట్టని కూలీలే. పదాతి సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఎక్కువమంది పంజాబ్, గఢ్వాల్, వాయవ్య సరిహద్దు, నేపాల్ ప్రాంతాల రైతు కుటుంబాలవాళ్లు. అక్షరం ముక్క వచ్చినవాళ్లు తక్కువ.

కాబట్టి మొదటి చేయి రాసిపెట్టేవాడిది. పటాలంలో చదువొచ్చిన సిపాయో, ఆసుపత్రిలో గుమాస్తానో, పక్క మంచం మీది క్షతగాత్రుడో రాసేవాడు. సిపాయి చెబుతుంటే చుట్టూ కూర్చున్నవాళ్లు వింటూనే ఉంటారు. ‘నాకు భయంగా ఉంది’ అని పదిమందిలో చెప్పి రాయించడం ఎవరికైనా కష్టమే. పరువు, ధైర్యం, సర్కారు ఉప్పు తిన్న విశ్వాసం గురించి అంత ధారాళంగా కనిపించే మాటల్లో కొంత భాగం పక్కనున్న ఈ శ్రోతల కోసం అన్నది. పైగా రాసేవాడికి తనదైన ఒరవడి ఉంటుంది. మన పాత ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ ఉన్నట్టే అక్కడా పలకరింపులకు, దీవెనలకు ఒక మూస ఉండేది. ఒకే మాట పది ఉత్తరాల్లో కనిపిస్తే పదిమందీ అలాగే అనుకున్నారని తేల్చకండి. పదింటినీ రాసింది ఒక్కడే కావచ్చు.

రెండో చేయి పటాలంలోని అధికారిది. ఊరి పేర్లు, దళాల కదలికలు, నష్టాల లెక్కలు బయటికి పోకుండా చూడటం అతని పని. మూడోది ఫ్రాన్సులోని బులోన్ రేవు పట్టణంలో కూర్చున్న సెన్సారు కార్యాలయం. దాని పెద్ద ఈవెలిన్ హోవెల్, సైన్యంలోకి వచ్చిన ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. ఈ కార్యాలయం పుట్టింది సిపాయిలు రాసే ఉత్తరాల కోసం కాదు, వాళ్లకు వచ్చేవాటి కోసం. అమెరికా పశ్చిమ తీరంలో 1913లో మొదలైన, బ్రిటిష్ పాలనను కూలదోయాలన్న గదర్ ఉద్యమం పత్రికలు టపాలో సైనికులకు చేరుతున్నాయేమోనని సర్కారుకు బెంగ పట్టుకుంది. ఆ తరవాత గాయపడి ఇంగ్లండు ఆసుపత్రుల్లో చేరినవాళ్లు కాస్త తీరిగ్గా, కాస్త తెగించి రాయించడం మొదలయ్యాక, వెళ్లే ఉత్తరాల మీద కూడా కన్నేశారు.

1915 మార్చి నాటికి ఫ్రాన్సు నుంచి మనవాళ్లు వారానికి 10,000 నుంచి 20,000 దాకా ఉత్తరాలు పంపుతున్నారు. ఉర్దూ, గురుముఖి, హిందీ, పష్తో, ఇంకా ఎన్నో. సెన్సారు బల్ల దగ్గర ఉన్నది గుప్పెడుమంది. అన్నీ చదవడం అయ్యే పని కాదు. దొరికినన్ని చదివి, దళాల మనసు ఎటు పోతోందో చూపించేవాటిలోంచి కొన్ని భాగాలను ఇంగ్లీషులోకి మార్చి, వారంవారం నివేదికకు జతచేసి పైకి పంపేవారు.

ఇక్కడొక మెలిక ఉంది. అసలు ఉత్తరాలు ముద్ర వేయించుకుని ఊళ్లకు వెళ్లిపోయాయి. ఇంటి కప్పు కారి తడిసి, చెదలు తిని, పొయ్యిలో పడి చాలావరకు పోయాయి. మనకు మిగిలింది సెన్సారు ఎంచుకున్న ముక్కల ఇంగ్లీషు అనువాదం. ఆ కట్టలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో ‘ఎల్, ఎం.ఐ.ఎల్, 5’ వరసలో 825 నుంచి 828 దాకా ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు రెండు విషయాలు మరవకూడదు. ఒకటి, ఏరింది గూఢచారి కన్ను. ‘గేదె ఈనిందా, పాలెన్ని ఇస్తోంది’ అని అడిగిన వేల ఉత్తరాలు నివేదికలోకి ఎక్కవు, ‘తమ్ముణ్ణి సైన్యంలో చేర్చొద్దు’ అన్నది తప్పకుండా ఎక్కుతుంది. ఆ కట్టలు మాత్రమే చదివితే సిపాయి పొద్దస్తమానం యుద్ధం గురించే ఆలోచించాడని అనిపిస్తుంది. రెండోది, భాష. పంజాబీ రైతు నోటి మాట గుమాస్తా ఉర్దూలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి మన దగ్గరికి వస్తోంది. కాబట్టి పదాల అందాన్ని చూసి మురిసిపోయి ‘ఎంత కవి’ అనేయడం తొందరపాటే. పోలికలు మాత్రం చాలావరకు అతనివే అనుకోవచ్చు. చేను, పంట, పురాణం, వాన లాంటివి బులోన్‌లో కూర్చున్న దొరకు తట్టేవి కావు.

ఇక సంకేతాల సంగతి. ఎక్కువగా చెప్పుకునేది మిరియాల ఉత్తరం. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరియాలు వాడుతున్నారు, కానీ నల్లవాటి ఘాటు వీటికి లేదు అనే ధోరణిలో సాగుతుంది. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్ల సైనికులు. మనవాళ్లు చాలామంది పోయారు, ఇంకా పంపమంటారు, మీరు రాకండి అని అర్థం. మరొక ఉత్తరంలో ఆపిల్ పండ్లు బాగా మాగాయని, తోటల్లో తిరుగుతున్నామని ఉంటుంది. అది ఆడవాళ్ల సంగతి. సెన్సారుకు ఈ రెండూ అర్థమయ్యాయి, అందుకే నివేదికలోకెక్కి మన దాకా వచ్చాయి. నిజంగా బాగా పనిచేసిన సంకేతం మనకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అది ఎవరికీ అనుమానం రాకుండా ఇల్లు చేరిపోయింది.

మరి అర్థమయ్యాక ఎందుకు వదిలేశారు? పూర్తిగా ఆపేసిన ఉత్తరాలు కొన్నే. ఎక్కువసార్లు నొచ్చే వాక్యం మీద సిరా పూసి పంపేసేవారు. ఉత్తరాలు రాకపోతే ఊళ్లలో పుట్టే పుకారు, వచ్చిన ఉత్తరం కన్నా ప్రమాదమని వాళ్లకు తెలుసు. ఏమీ చెప్పకుండానే అంతా చెప్పే విద్య ఈ సిపాయిలకు ఉందని, దాన్ని ఆపడం ఏ సెన్సారు వల్లా కాదని హోవెల్ కూడా దాదాపు ఒప్పేసుకున్నాడు.

నల్లజీడి గింజల వ్యవహారం ఇంకో రకం. మన చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజే అది. హిందీలో భిలావా అంటారు. రసం తగిలితే చర్మం పొక్కి వాస్తుంది. కొందరు ఇంటికి రాసి వాటిని పొట్లాల్లో తెప్పించుకున్నారు. ఉద్దేశం స్పష్టమే, ఒళ్లు పొక్కితే కొన్నాళ్లు కందకం తప్పుతుంది. ఇది పట్టుబడటానికి కారణం ఉత్తరమూ పొట్లమూ వేరువేరుగా ప్రయాణించడం. ఉత్తరంలో ‘ఫలానా మందు పంపు’ అని ఉంటే సెన్సారు రాబోయే పొట్లం కోసం కాచుకుని కూర్చునేవాడు. దీన్ని పిరికితనం అని కొట్టిపారేసేవాళ్లు గాయం మానిన సిపాయిని మళ్లీ ముందు వరసకు పంపిన పద్ధతి గురించి కూడా చదవాలి. ఆసుపత్రి ఉత్తరాల్లో అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు అదే. ఒకసారి నెత్తురు కార్చినవాడు తన వంతు తీర్చేసుకున్నట్టే అని ఊళ్లో న్యాయం. ఆ మాట సర్కారుకు ఎక్కలేదు. బెల్జియంలో జరిగిన రెండో ఈప్రె యుద్ధంలో విషవాయువు పీల్చి కూడా పోరాడి, బ్రిటిష్ సైన్యపు అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన జమేదార్ మీర్ దస్త్‌కు, 1915 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రైటన్‌లో రాజు అయిదో జార్జి స్వయంగా పతకం తగిలించాడు. అప్పుడతను రాజుకు విన్నవించుకున్నది కూడా ఇదే, గాయపడినవాళ్లను మళ్లీ పంపొద్దని.

బ్రైటన్ ఉత్తరాలను కాస్త జాగ్రత్తగా చదవాలి. అక్కడి రాజభవనాన్ని 1914 చివర్లో ఆసుపత్రి చేశారు. కులమతాల వంటకు విడివిడిగా తొమ్మిది వంటశాలలు, హిందువులకూ ముస్లింలకూ వేరువేరు కుళాయిలు, మాంసం కోయడానికి వేరు చోట్లు. ఈ ఏర్పాట్లన్నిటినీ సిపాయిలు ఇళ్లకు పూసగుచ్చినట్టు రాశారు. సముద్రం దాటిన కొడుకు ఎవరి చేతి కూడు తిన్నాడో అన్న బెంగ తల్లికి ఉంటుంది. తిరిగొచ్చాక కులంవాళ్లు బంతిలో కూర్చోనిస్తారో లేదో అన్నది అంతకన్నా పెద్ద బెంగ. ఆ ప్రశ్నలకు ముందే చెప్పుకున్న జవాబు ఈ వర్ణన. అదే సమయంలో ఇలాంటి మాట సర్కారుకూ తీపే. ఆసుపత్రి బొమ్మలతో పోస్టుకార్డులు, గురుముఖిలో, ఉర్దూలో పుస్తకం వేయించారు. కాబట్టి ‘ఇక్కడ స్వర్గంలా ఉంది’ అన్న వాక్యం అబద్ధం కాదు, అలాగని మొత్తం నిజమూ కాదు. అదే ఆసుపత్రుల చుట్టూ కాపలా ఉండేది, ఊళ్లోకి వెళ్లడానికి అనుమతి కావాలి. చనిపోయిన హిందువులు, సిక్కులు 53 మందిని బ్రైటన్ పక్కన కొండవాలులో దహనం చేశారు. ఆ చోట పాలరాతి ఛత్రి కట్టి 1921లో ఆవిష్కరించారు. ముస్లింలను వోకింగ్ మసీదు దగ్గర ఖననం చేశారు.

యుద్ధం గురించి సూటిగా చెప్పిన మాటలూ లేకపోలేదు. ఉత్తర ఫ్రాన్సులోని న్యూవ్ షపెల్ పోరు 1915 మార్చి 10 నుంచి 13 దాకా జరిగింది. అంతకు ముందు చలికాలపు బురద కందకాల్లో ఎండదేశపు యూనిఫారంతో నిలబడినవాళ్లు చాలామందే. ఇది యుద్ధం కాదు, లోకం అంతమవుతోంది అన్నవాడున్నాడు. పురాణాల్లో విన్న మహాభారతాన్ని ఎదురుగా చూస్తున్నామన్నవాళ్లున్నారు. సెన్సారు వీటిని ఆపలేదు, ఎందుకంటే ఇందులో ఊరి పేరు లేదు, అంకె లేదు. అంకెలు రాయొద్దన్నారు కనుక సిపాయి పురాణంతో కొలిచి చెప్పాడు. ఇంట్లోవాళ్లకు లెక్క అందింది.

నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఇంటి వ్యవహారాల ఉత్తరాలు. ఏ పొలం కుదువలోంచి విడిపించాలి, అప్పు ఎవరికి ముందు కట్టాలి, ఎద్దుల జత అమ్మాలా ఉంచాలా, చెల్లెలి సంబంధం ఎక్కడ చూస్తున్నారు. అయిదువేల మైళ్ల దూరం నుంచి ఇంటి పెత్తనం నడపడం ఇది. దానిలో పెద్ద తిప్పలు కాలంతో వచ్చేవి. ఓడలో పోయే ఉత్తరానికి వారాలు, జవాబుకు మళ్లీ అన్ని వారాలు. కోతల ముందు అడిగిన ప్రశ్నకు నాట్ల వేళకు సమాధానం వస్తుంది. అందుకే ఒక్కో ఉత్తరంలో ఒకదానికొకటి పొంతన లేని ఆదేశాలు కనిపిస్తాయి. ఎద్దులు అమ్మొద్దు అని రాసి, అమ్మేసి ఉంటే ఆ డబ్బుతో ఇది చెయ్యండి అని కింది వరసలోనే ఉంటుంది. ఇది తికమక కాదు, ఇంట్లో ఏం జరిగి ఉంటుందో రెండు రకాలుగానూ ఊహించుకుని ముందే తీర్పు చెప్పడం. ‘ఉత్తరం రాలేదు’ అన్న నిష్ఠూరాన్ని కూడా మక్కీకి మక్కీగా నమ్మకండి. చాలాసార్లు రాసింది దారిలోనో సెన్సారు సంచిలోనో ఉండేది.

ఇంటి నుంచి వచ్చేవాటిలో భార్య గొంతు వినడం ఇంకా కష్టం. ఆమె చెప్పింది మరిదో, బడిపంతులో రాస్తాడు. సిపాయి పంపిన జవాబును ఊళ్లో మళ్లీ పదిమందిలో చదువుతారు. మొగుడూ పెళ్లాల మాట ఈ దారిలో ఎలా వెళుతుంది? కాబట్టి బిడ్డ పేరు మీదుగా, అత్తగారి ఆరోగ్యం మీదుగా, ‘సెలవు పెట్టి రండి’ అన్న ఒక్క వాక్యం మీదుగా వెళుతుంది. నేరుగా కోపగించుకున్న భార్యల ఉత్తరాలూ కొన్ని ఉన్నాయి. అవి అరుదు, అందుకే సెన్సారు వాటిని ఏరిపెట్టాడు. గుర్రపుదళాలవాళ్లు ఫ్రెంచి పల్లెల్లో రైతుల ఇళ్లలో విడిది చేసినప్పుడు చూసిందేమంటే, కొడుకులు యుద్ధానికి పోయినా ఆడవాళ్లే సేద్యం నడపడం, లెక్కలు రాయడం, తమ ఉత్తరం తామే చదువుకోవడం. ‘మన ఆడపిల్లల్ని బడికి పంపండి’ అని వాళ్లు ఇళ్లకు రాసిన మాటల వెనక ఏ ఆదర్శం ఉందో గానీ, ఉత్తరం మధ్యలో మరొకరు లేకుండా ఉండాలన్న కోరిక తప్పకుండా ఉండి ఉంటుందని నా నమ్మకం.

సెన్సారు లేకుండా దొరికిన గొంతులు వేరొకచోట ఉన్నాయి, అదీ శత్రువు చేతిలో. జర్మన్లకు చిక్కిన మనవాళ్లను బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డార్ఫ్ శిబిరంలో ఉంచారు. అక్కడ భాషా పండితులు వాళ్ల మాటలను గ్రామఫోను పళ్లాల మీదికి ఎక్కించారు. మాల్ సింగ్ అనే ఖైదీ 1916 డిసెంబరులో మాట్లాడింది ఇప్పటికీ బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. హిందుస్తాన్‌లో వెన్న తిన్న మనిషి ఒకడుండేవాడు, అతను మళ్లీ అక్కడికే పోవాలనుకుంటున్నాడు అని తన గురించే వేరే మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు. ఎదుట జర్మనులున్నా మాట్లాడిన పద్ధతి ఉత్తరాల్లోదే, నేను అనకుండా నా సంగతి చెప్పడం.

ఈ కట్టల్లో తెలుగు కోసం వెతికితే నిరాశే. దానికి కారణం 1880లలో జరిగింది. మద్రాసు సైన్యానికి, ఆ తరవాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. తెలుగు, తమిళ సిపాయిల పటాలాలు ఒక్కొక్కటే తగ్గిపోయి వాటి చోటికి ఉత్తరాదివాళ్లు వచ్చారు. మిగిలిన మద్రాసు దళాలు వెళ్లింది ఎక్కువగా మెసొపొటేమియాకు, తూర్పు ఆఫ్రికాకు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం 25 లక్షలకు పెరిగినప్పుడు ఆ సిద్ధాంతాన్ని అటకెక్కించక తప్పలేదు. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లు రెండు యుద్ధాలకూ మనుషుల్ని ఇచ్చాయి. తెలుగు ఇళ్లలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే దొరికేవి ఎక్కువగా ఈ రెండో యుద్ధపు కాగితాలే.

దొరికితే ఏం చేయాలో చెప్తాను. మడతలు అంటుకుపోయి ఉంటే తడి చేయకండి. ఆ రోజుల్లో చాలామంది కాపీయింగ్ పెన్సిల్‌తో రాశారు. పొడిగా ఉన్నప్పుడు మామూలు సీసపు రాతలాగే బూడిదరంగులో ఉంటుంది, చుక్క నీరు తగిలితే ఊదారంగు తిరిగి కాగితమంతా పాకుతుంది. ల్యామినేషన్ చేయించకండి, చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, ఆ జిగురు కొన్నేళ్లలో కాగితాన్ని గోధుమరంగులోకి తిప్పేస్తుంది. రెండు పక్కలా 600 డీపీఐలో స్కాన్ చేయండి, కవరును కూడా. కవరు మీద ‘ఎఫ్‌పీఓ’ అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఫీల్డ్ పోస్టాఫీసు సంఖ్య. సిపాయి ఊరి పేరు రాయకూడదు కానీ ఆ అంకె, దాని పక్కనున్న తేదీ కలిపితే తపాలా సేకర్తలు తయారుచేసిన పట్టికల్లో అది ఏ దేశంలో ఉన్న పోస్టాఫీసో దొరుకుతుంది. తేదీ లేకుండా అంకెను ఒక్కదాన్నే నమ్మితే తప్పు దేశానికి వెళ్లిపోతారు, ఎందుకంటే ఆ పోస్టాఫీసులు దళాలతో పాటు కదిలేవి.

పతకం ఉంటే ముందువైపు కన్నా అంచు చూడండి, భూతద్దంతో. మొదటి యుద్ధపు వెండి పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయి. అదే పతకం కంచుతో ఉంటే ఆ మనిషి బహుశా కూలీ దళంలోనో, సైన్యం వెంట ఉన్న సేవకవర్గంలోనో పనిచేసి ఉంటాడు. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చినా, మన సైన్యానికి ఇచ్చినవాటి మీద పేర్లు వేశారు. అక్కడ దొరికిన నంబరే ముఖ్యం, పేరు కాదు. వెంకటస్వామిని ఆంగ్ల గుమాస్తా ఎన్ని రకాలుగా రాస్తాడో లెక్కలేదు.

తిరిగి రానివాళ్లయితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. పేరుతో కాకుండా నంబరు, దళంతో మొదలుపెట్టండి. చాలా ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి, వాటితో సరిచూసుకోండి. ఫ్రాన్సులో సమాధి తెలియనివాళ్ల పేర్లు న్యూవ్ షపెల్ స్మారకం మీద 4,700కు పైగా ఉన్నాయి. బర్మాలో పోయినవాళ్లకు రంగూన్, మలయాలో పోయినవాళ్లకు సింగపూర్ స్మారకాలు చూడాలి. మెసొపొటేమియాలో పోయినవాళ్ల విషయంలో మాత్రం గోడ ఫొటో చూసి పేరు లేదని ఆగిపోకండి. బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సిపాయిలను దళం వారీగా సంఖ్యలుగా మాత్రమే వేశారు. పేర్ల కోసం గోడ ఫొటో వదిలేసి కమిషన్ జాబితాలోనే, దళం పేరుతో వెతకాలి.